బూజు పట్టిన వరుసలు

శుక్రవారం, మధ్యాహ్నం

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు. నువ్వు, అక్క, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం బాగాలేను.

నేను సెలవులో ఉండగా నా వేరుశనగ వరుసలు పీకించి తగలబెట్టించావు. మన పరిశోధన కేంద్రంలో ఫారం మేనేజరువి, నీకు అధికారం ఉంది. కాయలన్నీ పచ్చబూజు పట్టాయని, పక్క వరుసల్లో మామూలు రకం నిగనిగలాడుతోందని, మా మరదలి జన్యువుల కంటే నా కళ్లే నయమని డైరెక్టరుగారి ముందు అన్నావట. అందరూ నవ్వారట. నా పని ఆపెయ్యమని ఆయన కాగితం కూడా పంపారు.

ఎన్నిసార్లు చెప్పాను బావా! బూజును చంపడం నా పని కాదు. అది కాయలో చేరి విషం తయారుచేస్తుంది. ఆ విషం కాలేయాన్ని తినేస్తుంది. విషం తయారుచేసే జన్యువు బూజులో ఉంటే, దాన్ని పనిచేయనివ్వని గుణం మొక్కలో పెట్టాం. బూజు ఉంటుంది, విషం ఉండదు. అది రుజువు చేయడానికే బూజును మేమే తెచ్చి రెండు రకాల మొదళ్లలోనూ చల్లాం. ఆ రోజు నువ్వు ముక్కు మూసుకుని గట్టు మీద నిలబడి, పెళ్లికూతురికి మసి పూస్తున్నావేమే అని వెక్కిరించావు. నేనూ నవ్వాను.

నువ్వు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. పెళ్లయిన కొత్తలో అక్క చేసిన పప్పులో ఉప్పు లేదని రుచి చూడకుండానే, రంగు చూసి చెప్పావు. అప్పుడది సరదాగా ఉండేది.

తగలబెట్టే ముందు మేస్త్రీ, అలవాటు కొద్దీ, రెండు రకాల కాయలూ కాసిని ల్యాబుకు పంపాడు. నా బూజు కాయల్లో విషం దాదాపు లేదు. నెగ్గాను బావా. కానీ నేను వచ్చేసరికే పరీక్ష కోసం అన్నీ పిండి కొట్టేశారు. ఉన్న విత్తనమంతా ఈ పంటకే వేశాం. నాటుకోవడానికి ఇక ఒక్క గింజ లేదు. నా నోట్లో మట్టి కొట్టావు. ఈ జన్మలో నిన్ను క్షమించలేను.

మామూలు రకం ఫలితం ఇంకా రావాలి. వచ్చినా నాకిప్పుడు ఒరిగేదేమీ లేదు.

ఇక నీ గడప తొక్కని
మరదలు

తా.క.: పైన రాసిందంతా చించి పారేసినా సరే, ఇది మాత్రం చదువు. ఆ నిగనిగలాడే కాయల ఫలితం ఇప్పుడే వచ్చింది. పైకి మచ్చ కూడా లేదు, లోపలంతా విషమే. వాటిని నువ్వు ఇంటికి తెచ్చావని, పాపకు రోజూ ఉడకబెట్టి పెడుతున్నానని అక్క మొన్న మురిసిపోతూ చెప్పింది. నీ మీద కోపంలో నాకప్పుడు తట్టలేదు. ఇందాక ఫోన్ చేసి పారబొయ్యమన్నాను. బావ మీద కోపం పిల్ల తిండి మీద చూపిస్తావా అంది. ఆయన కళ్లతో చూసి ఏరి తెచ్చినవే అంది. నువ్వేమో నా ఫోన్ ఎత్తవు. అందుకే ఇది మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. నేనే ఓడిపోయానని అందరికీ చెప్పుకో, కాదనను. అక్కకు మాత్రం ఒక్క మాట చెప్పు బావా. అది నీ మాటే వింటుంది.