నేరేడుపుట్టు పాల నమూనా

అణు భద్రత ప్రాంతీయ పరిశీలనాధికారి గారి సముఖమునకు,

జి.మాడుగుల మండలం, నేరేడుపుట్టు గ్రామ వాస్తవ్యుడు కిముడు ఫల్గుణ వ్రాసుకొను అర్జీ.

విషయం: అణు విద్యుత్ కేంద్రపు లీకు పరీక్ష మీద వచ్చిన సందేహమును తమరు పరిష్కరించిన తీరు వలన మా ఊరిలో ఒక పసిబిడ్డకు పాలు ఆగిపోయినందున తక్షణ ఉత్తర్వులు కోరుట గురించి.

అయ్యా,

తమరికి సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. సముద్రపు ఒడ్డున ఉన్న సదరు కేంద్రములో, రియాక్టరు మీది కాంక్రీటు గుమ్మటమును మూసి, లోపల గాలి నింపి, ఒత్తిడి నిలుస్తుందా దిగుతుందా అని చూచు పరీక్ష నిరుడు జరిగినది. ఒత్తిడి దిగవలసిన దానికంటే ఎక్కువ దిగినది. గుమ్మటం కారలేదు, మీటరే తప్పు చూపినదని కేంద్రము వారు సెలవిచ్చిరి. అంతలో ఆ పక్క ఊళ్ల ఆవుపాలలో ఉండకూడనిది ఏదో కొంచెం కనబడినది. ఇదంతా తమరు మాకు పంపిన నోటీసులోనే ఉన్నది కనుక నా కల్పన కాదని మనవి.

2. ఆ దోషము గుమ్మటము నుండి వచ్చినదా, ఎక్కడైనా ఉండేదేనా అని తేల్చుటకు, దూరాన కొండల మీది ఊరి పాలతో పోల్చి చూడవలెనని తమరు నిర్ణయించిరి. ఆ ఊరు మాదైనది. మా ఊరికి రోడ్డు వేయుటకు, కరెంటు స్తంభము నాటుటకు ఎవరికీ గుర్తు రాని పేరు దీనికి మాత్రం ఎలా దొరికినదో తెలియదు.

3. నమూనాలు సేకరించు కాంట్రాక్టు ఉద్యోగి రవిబాబు గారు జీపులో వచ్చి ఆవుపాలు అడిగిరి. మా ఊళ్లో ఆవును పితకరు. తాతల నాటి నుంచీ అంతే. మేము ఆవును దుక్కిటెద్దుల కోసం, పేడ కోసం పెంచుతాము, టీ కూడా పాలు లేకుండానే తాగుతాము. మా ఊరి పెద్ద మంగ్లు తాత ఆయనతో, "పాలు దూడవి బాబూ. దానికి మాటొత్తే అదే ఇచ్చును, నానెలా ఇత్తాను?" అన్నాడు. రవిబాబు గారు నవ్వి, మంచినీళ్లు తాగి, ఖాళీ సీసాతో వెళ్లిరి.

4. ఖాళీ సీసాతో ఆఫీసుకు వెళితే మాట పడాలి గదా. జీపు నడిపిన వరహాలు మాకు తర్వాత చెప్పినది ఇది: "పాడేరులో బండి ఆపమన్నాడు. కొట్లో పాల పేకెట్టు కొన్నాడు. కత్తిరించి సీసాలో పోసేసి, మీ ఊరి పేరు రాసేసినాడు. ఏటిది బాబూ అంటే, పాలు ఎక్కడివైనా పాలే, నడు అన్నాడు." ఆ పేకెట్టు కొండ దిగువనున్న డెయిరీది. ఆ డెయిరీకి పాలు పోసేది సదరు కేంద్రము పక్కన మేసే ఆవులే.

5. కనుక ఆ పాలలో ఉన్నదే "మా" పాలలోనూ ఉన్నది. ఉండక ఏమవుతుంది? అవి ఒకే పాలు. దానిమీద తమరు, కొండ మీద కూడా అంతే ఉన్నది కాబట్టి దోషము గుమ్మటములో లేదు, మట్టిలోనే ఉన్నదని తేల్చి, లీకు పరీక్షపై సందేహము పరిష్కృతమైనదని ఉత్తర్వు ఇచ్చిరి. కేంద్రమునకు అనుమతి, మాకు నోటీసు వచ్చినవి.

6. ఆ నోటీసులో "ఈ గ్రామపు పాలు ఐదేళ్లలోపు పిల్లలకు పట్టరాదు" అని ఉన్నది. మా చెల్లెలు నిర్మల ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి వరకు చదివినది. దానికి మూడు నెలల ఆడపిల్ల. నోటీసు చదివినది, ఆ పిల్లగుంటను రొమ్ము నుంచి తీసివేసినది. అయ్యా, మా ఊళ్లో పిల్లలు తాగే పాలు తల్లిపాలు ఒక్కటే.

నేను చెప్పి చూశాను. నోటీసు ఆవుపాల సంగతి అన్నాను. "ఆవు తిన్న గడ్డిలో ఉంటే నాను తిన్న కూరలో ఉండదేటి అన్నియ్యా?" అని అడిగింది. ఆశా కార్యకర్త సుమ వచ్చి, పాలు పట్టకపోతే పిల్ల దక్కదని బతిమాలింది. "నీ మాట నమ్మాలనే ఉందక్కా. కాయితం మీద ముద్ర ఉంది, నీ మాటకి ముద్రేదీ?" అంది నిర్మల. చోడి (రాగి) గంజి పలచగా కాచి చెంచాతో పోస్తోంది. పిల్ల కక్కుతోంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. ఏడుపు కూడా సన్నబడింది, అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

7. నేను తమ కార్యాలయమునకు వచ్చితిని. తల్లిపాలు పట్టవచ్చునా అని అడుగగా, తల్లిపాలకు మా ఫారంలో గడి లేదనిరి. నమూనా మాది కాదు, పేకెట్టుదని చెప్పితిని. అట్లయిన అదే గ్రామము నుండి రెండవ పాల నమూనా సమర్పించినచో పునఃపరీక్ష జరుగుననిరి. పితకని ఊరి నుండి పాలు తెమ్మనుట ఏ నియమము ప్రకారమో చెప్పవలెనని అడుగగా, బయట కూర్చోమనిరి. చీకటి పడేదాకా కూర్చున్నాను.

8. ఇంకొకటి. ఆ పాలు మావి కావు గనుక మాకు దోషము లేదని నేను నమ్ముచున్నాను. మరి అవి ఎవరివో వారి సంగతి ఏమిటి? ఆ పేకెట్టు కొని పిల్లలకు కాచి ఇస్తున్న దిగువ ఊళ్ల తల్లులకు నోటీసు ఎవరు ఇచ్చారు? గుమ్మటము కారుచున్నదో లేదో తేల్చవలసిన తమరు, పాల సీసా మీద పేరు మార్చి తేల్చివేసిరి. నాకు కోపంగా ఉంది అయ్యా. అర్జీలో కోపం రాయకూడదని అర్జీలు రాసే అప్పలస్వామి గారు చెప్పారు. అందుకే ఆయనతో రాయించలేదు.

కావున తమరు దయయుంచి, (అ) సదరు నమూనా మా ఊరిది కాదని రద్దు చేసి, గుమ్మటమునకు లీకు పరీక్ష మరల జరిపించవలెను. (ఆ) అది ఎప్పటికి జరిగినా, నిర్మల తన బిడ్డకు పాలు ఇవ్వవచ్చునో లేదో ఒక్క ముక్క రాసి, ముద్ర వేసి, ఈ అర్జీ తెచ్చిన మనిషి చేతికే ఇప్పించవలెను. మొదటి కోరిక కాలయాపనకు తట్టుకొనును. రెండవది తట్టుకోదని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడుగా ఇంకా ఉన్న
కిముడు ఫల్గుణ

తా.క. అర్జీ మడతపెట్టేలోపు నిర్మల ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. మా ఊరి నుంచి పాల నమూనా అడిగారు గదా, ఇవే. పేకెట్టువి కావు, నా కళ్లముందే పిండింది. వారం కిందట అయితే సీసా నిండేది, ఇప్పుడు అడుగు తడిసేటన్ని వచ్చాయి, రేపటికి ఇవీ రావేమో. ఐసు పెట్టె మా దగ్గర లేదు, తడిగుడ్డ చుట్టి వరహాలు జీపులో పంపుతున్నాను. వాసన వస్తోందని పారబోయకండి బాబూ. బేగి చూడండి. నిర్మల పిండుతున్నంతసేపూ పిల్లగుంట పక్కనే పడుకుని నోరు తెరిచి ఉంది.