ముప్పై గళ్ళలో పట్టని ప్రభువులు

1984, ఫిబ్రవరి 6

ప్రింటవుట్ మూడోసారి తిరిగొచ్చింది. పేజీ పేజీకీ ఎర్ర పెన్సిల్ గీతలు. మిసెస్ టల్లీ దాన్ని నా బల్ల మీద పెట్టి, "ఎక్కువేం లేవు సుజాతా, అరవై తప్పులే" అంది. ఆవిడ లెక్కలో అది మెచ్చుకోలు.

నవంబరు నుంచీ ఇదే గోల. పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక చిన్న పబ్లిషింగ్ కంపెనీ. ఇంగ్లండు ప్రభువుల్లో ఎవరు డ్యూకు, ఎవరు ఎర్ల్, ఎవరి తర్వాత ఎవరు, ఎవరికి ఉత్తరం రాస్తే కవరు మీద ఏమని రాయాలి, ఇవన్నీ లావుపాటి పుస్తకంగా ఏటా అచ్చు వేస్తారు. కొనేది అమెరికన్లు. రాజు వద్దని యుద్ధం చేసి మరీ వదిలించుకున్నవాళ్ళు. ఆ వివరాలన్నీ ఇరవై తొమ్మిదేళ్ళుగా మిసెస్ టల్లీ చేతిరాతతో కార్డుల మీద ఉన్నాయి. ఆరు ఇనప బీరువాలు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మా కన్సల్టింగ్ కంపెనీ నన్ను ఇక్కడికి పంపింది. మార్చి నెలాఖరుకి అయిపోవాలట.

పేరుకి ముప్పై గళ్ళు ఇచ్చాను, అక్షరానికొకటి. ఏ మనిషి పేరైనా పట్టాలి కదా. ఈ మనుషుల పేర్లు పట్టవు.

ఫిబ్రవరి 7

ఈ రోజు నలభై ఒక్క తప్పులు. భోజనం చేయలేదు.

ఫిబ్రవరి 9

లేడీ అన్న ఒక్క మాట చంపుతోంది. ఎర్ల్ భార్య కౌంటెస్, కాని పిలిచేది లేడీ అని. ఎర్ల్ కూతురూ లేడీయే, కాని ఆవిడకి సొంత పేరు కలిపి రాయాలి. 'సర్' బిరుదున్న నైట్ భార్య కూడా లేడీయే, ఆవిడకి మొగుడి ఇంటిపేరు మాత్రం చాలు. డ్యూకుగారి రెండో కొడుకు జాన్ భార్య — లేడీ జాన్.

"మరి ఆవిడ పేరు?"

"లేడీ జాన్."

"అది మొగుడి పేరు మిసెస్ టల్లీ. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉంటుంది కదా."

"ఉంటుంది. కవరు మీద రాయం."

కింది మెట్టు ప్రభువైన బ్యారన్ పిల్లలకి ముందు 'హానరబుల్' అని రాయాలి, నోటితో అనకూడదు. ఎందుకు అనకూడదు అని అడిగాను. నన్ను జాలిగా చూసింది.

ఫిబ్రవరి 12

సునందవాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ప్రార్థన. అయ్యాక టీ తాగుతుంటే రూతమ్మ ఆంటీ, "ఇంకా ఆ లార్డుల పనేనామ్మా? మనకి ప్రభువు ఒక్కడే. నీకు రోజుకి పదిమంది తగులుతున్నారు" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు... వచ్చింది, కొంచెం.

కార్‌లో మా లీనా అడిగింది. "మమ్మీ, డ్యూక్‌కి ఓన్లీ గర్ల్స్ ఉంటే?"

"ఎక్కడో ఉన్న తమ్ముడికో, తమ్ముడి కొడుక్కో పోతుంది."

"గర్ల్స్ ఇంట్లోనే ఉంటారు కదా. వాళ్ళకి ఇవ్వరా?"

"ఇవ్వరు."

"దట్స్ సో డంబ్."

తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసింది. నేను మూడు నెలలుగా దానికి కోడ్ రాస్తున్నాను.

ఫిబ్రవరి 16

ఆరో బీరువా, అడుగు సొరుగు. ఇన్నాళ్ళూ చూపించలేదు. అందులో ఉన్నవి ఎవరికీ చెందని టైటిళ్ళు.

మిసెస్ టల్లీ వివరించిన దాని ప్రకారం, కొన్ని చాలా పాత బ్యారన్ పదవులు మాత్రం ఆడపిల్లలకీ వస్తాయి. అయితే అక్కచెల్లెళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటే అందరికీ సమాన హక్కు. అందరికీ సమానం కనక ఎవరికీ ఇవ్వరు. వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు... మిగతా వంశాలన్నీ అంతరించి ఒక్కటి మిగిలేదాకానో, రాజుగారికి దయ కలిగేదాకానో టైటిల్ అలా వేలాడుతూనే ఉంటుంది. రెండు మూడు వందల ఏళ్ళయినా సరే.

"ఆ గడిలో ఎవరి పేరు వేయను?"

"ఖాళీ వదిలెయ్."

"ఖాళీ వదిలితే ప్రోగ్రాం ఆ వంశం అంతరించిందనుకుంటుంది."

"అంతరించలేదు. నిద్రపోతోంది. నీ మిషన్‌కి నిద్ర అంటే ఏమిటో చెప్పు."

పళ్ళు పటపట కొరికాను. కాని ఆ సొరుగులో కార్డులు తిప్పుతూ ఆవిడ చెబుతుంటే గంటన్నర అక్కడే నిలబడ్డాను. ఒకడికి టైటిల్ వచ్చింది యుద్ధంలో ఓడ ముంచినందుకు. ఇంకొకడికి, రాజుగారి ఉంపుడుగత్తెను పెళ్ళి చేసుకుని నోరు మూసుకున్నందుకు. ఒక ఇంట్లో వరసగా నలుగురు అన్నదమ్ములు, ఒక్కడికీ కొడుకు లేడు, టైటిల్ ఆగిపోయింది. పక్కింటి కబుర్లు చెప్పినట్టు చెబుతుంది. ఇంగ్లండు ఎన్నిసార్లు వెళ్ళారు అంటే, "ఒక్కసారీ వెళ్ళలేదు. విమానం అంటే భయం" అంది.

మొగుడు పోయాడు, పక్క ఊరు బూంటన్‌లో ఒక్కతే ఉంటుంది. ఈ సంగతి కార్డులు సర్దుతూ చెప్పింది, అదీ ఒక కార్డే అన్నట్టు.

ఫిబ్రవరి 22

మా కంపెనీ నుంచి రాన్ ఫోన్. "పని పూర్తయిందని క్లయింట్ యాక్సెప్టెన్స్ ఇస్తే వెంటనే గ్రీన్ కార్డ్ పిటిషన్ ఫైల్ చేస్తాం. ఇవ్వకపోతే ఏమీ చెప్పలేను." నాదీ, మా ఆయన ప్రభాకర్‌దీ, ఇద్దరి కాగితాలూ ఈ ఉద్యోగం మీదే. ఆయన పీహెచ్‌డీ ఇంకా రెండేళ్ళు.

సాయంత్రం ఇక్కడి వైస్ ప్రెసిడెంట్ డెకర్ పిలిచాడు. మిసెస్ టల్లీ బుర్రలో ఉన్నదంతా బయటికి వచ్చేసిందా అని అడిగాడు. చాలావరకు అన్నాను. "గుడ్. మార్చి ముప్పై ఆవిడ ఆఖరి రోజు."

ఆవిడకి తెలుసా అని అడగబోయాను. ఫోన్ మోగింది, తీసుకున్నాడు.

ఫిబ్రవరి 23

తెలుసట. జనవరిలోనే చెప్పారట. తెలిసీ రోజూ అరవై తప్పులు దిద్ది ఇస్తోంది.

"తప్పుల తడకగా వదిలేయొచ్చు కదా" అన్నాను, చిరాకు ఆపుకోలేక.

"అప్పుడు పుస్తకంలో తప్పులుంటాయి" అంది.

మార్చి 1

ఎర్ల్ ఆఫ్ వెస్కాంబ్ పోయాడు. లండన్ పేపరు విమానంలో వారం ఆలస్యంగా వస్తుంది, ఆవిడ ముందు మరణవార్తలుండే చివరి పేజీ చదువుతుంది. లేచి వెళ్ళి మూడు కార్డులు మార్చింది. నిన్నటిదాకా వైకౌంట్ టెల్బీ అనిపించుకున్న కొడుకు ఇప్పుడు ఎర్ల్ ఆఫ్ వెస్కాంబ్. వాడి కొడుకు ఇప్పుడు వైకౌంట్ టెల్బీ. నాలుగు నిమిషాలు.

నాకు రోజంతా పట్టింది. తండ్రి పోతే కొడుకు పేరు మారుతుంది, వాడి పేరు మనవడు తీసుకుంటాడు... మనుషులు మారుతుంటే పేర్లు కుర్చీల్లా అక్కడే ఉంటాయి. మనిషిని పేరుతో వెతికే ప్రోగ్రాం రాసినదాన్ని నేను. నన్నేమనాలి.

మొత్తానికి మార్చాను. రేపు కుటుంబాలకి వివరాలు సరిచూసి పంపమనే ఉత్తరాలు మిషనే రాసి పంపుతుంది. మొదటిసారి.

మార్చి 2

ఉత్తరాలు వెళ్ళాయి. డెకర్ అందరికీ డోనట్లు తెప్పించాడు. మిసెస్ టల్లీ తినలేదు.

మార్చి 13



వెస్కాంబ్ ముసలావిడ, పోయినాయన భార్య, స్వయంగా జవాబు రాసింది. మా మిషన్ ఆవిడకి పంపిన ఉత్తరం కూడా జతచేసింది. "మా రికార్డుల ప్రకారం మీరు గత నెలలో మరణించారు. తేదీ సరిగా ఉన్నదీ లేనిదీ చూసి, సంతకం చేసి పంపగలరు."

కింద ఆవిడ దస్తూరీ: నా భర్త తేదీ సరైనదే. నాది కాస్త ముందుగా వేశారు. ఉదయం పూట మీరు రాసిందే నిజమేమో అనిపిస్తుంది, కాని కుక్కలకి తిండి పెట్టాలి కనక లేస్తున్నాను. ఇకమీదట నన్ను ఏమని పిలుస్తారో కూడా దయచేసి తెలపండి. కోడలు కూడా కౌంటెసే కాబట్టి ఇంట్లో ఎవరికీ స్పష్టంగా తెలియడం లేదు.

డెకర్ ఆ కాగితం పట్టుకుని మా గదిలోకి వచ్చాడు. "ఎవరి పని ఇది?"

మిసెస్ టల్లీ తల ఎత్తలేదు. "నాదే. కార్డు తప్పు చదివి ఇచ్చాను."

డెకర్ నా వైపు తిరిగి, "అందుకే మిషన్ కావాలంటున్నాను" అని వెళ్ళిపోయాడు.

కార్డు తీసి చూశాను. సరిగ్గానే ఉంది.

మార్చి 14

తప్పు దొరికింది. చనిపోయిన తేదీని మనిషికి కాక టైటిల్‌కి తగిలించాను. ఆ టైటిల్ కింద ఉన్న మొగుడూ పెళ్ళాం ఒకే రోజు పోయారు. నాలుగు లైన్ల కోడ్. నేను రాసినవే.

"ఎందుకలా చెప్పారు?" అని అడిగితే, "నువ్వు ఫోన్‌లో మాట్లాడుతుంటే నీ కాగితాల సంగతి విన్నాను. గది చిన్నది" అంది. ముసలావిడకి తనే చేత్తో జవాబు రాస్తోంది. డవేజర్ కౌంటెస్ అనాలట. పెద్ద కౌంటెస్ అన్నట్టు. రెండు పేజీలు రాసింది. ఏం రాసిందో చూపించలేదు.

మార్చి 16

రాన్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. "సుజాతా, ప్లీజ్. పిటిషన్ ఫైల్ అయ్యేదాకా నోరు మూసుకో."

ప్రభాకర్‌కి చెప్పాను. ఆయన "ఆవిడ ఎలాగూ వెళ్ళిపోతోంది కదా సుజా. చెప్పి లాభం ఏముంది?" అన్నారు.

"లాభం అని కాదండీ..."

"మరి?"

గిన్నెలు గట్టిగా కడిగాను.

మార్చి 20

చెప్పేశాను. డెకర్ గదిలో నిలబడి, తప్పు నాది, ఆవిడది కాదు అని.

"ఫిక్స్ చేశావా?"

"చేశాను."

"ఇంకేమిటి ప్రాబ్లం?"

"ఆవిడ మీద పడింది కదా. ఆవిడ తప్పు కాదని తెలిస్తే..."

"ఆ తప్పు కోసమా ఆవిడని పంపిస్తున్నది? ప్రోగ్రాం పూర్తయింది కాబట్టి పంపిస్తున్నాం." నవ్వాడు కూడా, మర్యాదగా. "నిజాయితీగా చెప్పావు, థాంక్స్."

అంతే. నాలుగు రోజులు అన్నం సహించకుండా కూడగట్టుకున్న ధైర్యం. నా ఉద్యోగం పోలేదు, ఆవిడది నిలవలేదు. గోడకి చెప్పినా ఇంతే.

మార్చి 21

మిసెస్ టల్లీకి తెలిసింది. ఆవిడ కోపం ఇంతవరకూ చూడలేదు. గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది.

"నిన్ను ఎవరు చెప్పమన్నారు?"

"మీ పేరు పాడవడం నాకు..."

"నా పేరు. పొరపాటు చేసి వెళ్ళడం వేరు సుజాతా, అక్కర్లేక వెళ్ళడం వేరు. ఇరవై తొమ్మిదేళ్ళకి ఒక్క పొరపాటు. అది నాకు ఉండనివ్వాల్సింది."

క్షమించమన్నాను. ఆవిడ ఎర్ర పెన్సిల్ చెక్కుకుంటూ కూచుంది. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక ఫోటోకాపీ మిషన్‌ని తన్నాను. కాలు నొప్పి.

మార్చి 26

మాట్లాడటం లేదు. ప్రింటవుట్ మీద మాత్రం రాస్తోంది. ఈ రోజు తొమ్మిది తప్పులు. శుక్రవారం పదిహేను.

మార్చి 28

రెండు.

మార్చి 30

కేకు కోశారు. డెకర్ ప్రసంగం. ఆవిడ లేకపోతే డ్యూకులు, ఎర్ల్‌లు, విస్కౌంట్‌లు ఏమైపోయేవారో అన్నాడు. "వైకౌంట్" అంది మిసెస్ టల్లీ. "ఎస్ పలకదు." అందరూ నవ్వారు. ఆవిడ జోక్ చేయలేదు.

సంచీలో చెప్పులు, ఒక కప్పు, పెన్సిళ్ళు పెట్టుకుంది. నా బల్ల దగ్గర ఆగింది. ఏమైనా అంటుందేమోనని చూశాను. స్క్రీన్ మీద ఒక పేరు చూపించి, "కామా" అంది. వెళ్ళిపోయింది. పెట్టాను కామా.

సాయంత్రం డెకర్ ఒక కాగితం ఇచ్చాడు. యాక్సెప్టెన్స్. అగ్నెస్ టల్లీ దగ్గరున్న సమాచారమంతా సిస్టంలోకి చేరిందని నేను ధ్రువీకరించాలి. సోమవారం ఉదయానికి సంతకం కావాలి. రాన్‌కి కాపీ వెళుతుంది.

ఆ అడుగు సొరుగులో నిద్రపోతున్న టైటిళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. నిద్ర అంటే ఏమిటో మిషన్‌కి చెప్పే దారి నాకు దొరకలేదు. అడుగుదామంటే ఆవిడ మాట్లాడలేదు.

ఏప్రిల్ 1

చర్చి నుంచి వచ్చి పప్పు తాలింపు వేస్తుంటే ఫోన్. లీనా తీసి, "మమ్మీ, సమ్ ఓల్డ్ లేడీ" అంది.

ఆ కామా కాక, పది రోజుల తర్వాత నాతో మొదటి మాట: "పెన్ను ఉందా?"

పేపరు ఇప్పుడు ఇంటికి తెప్పించుకుంటోందట. ఒక బ్యారన్ పోయాడు. పిల్లలు లేరు. తమ్ముడి కొడుకు కెనడాలో బస్సు నడుపుతాడు. చేతికి దొరికిన కాగితం మీద రాసుకున్నాను. ఆ తమ్ముడికి రెండు పెళ్ళిళ్ళు, బస్సు డ్రైవరు మొదటి పెళ్ళి కొడుకు, ఆ పెళ్ళి చెల్లిందో లేదో ఎవరికీ తెలియదు, చెల్లకపోతే టైటిల్ ఇంకొకడికి. ఆ కార్డు ఏ బీరువాలోనూ లేదు, ఆవిడ తలలో ఉంది.

"ఆ బస్సు డ్రైవర్‌కి తెలుసా?"

"తెలిసి ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఇంటికి ఉత్తరం రాయలేదు."

"మరి ఏ పేరుతో ఎక్కించను?"

"రుజువయ్యేదాకా తన పేరుతోనే. తొందరపడకు." అటు నుంచి పేపరు మడుస్తున్న చప్పుడు. "నీ కాగితాలు ఎంతవరకు వచ్చాయి?"

రేపటి సంతకం గురించి చెప్పాను. సమాచారమంతా చేరింది అని రాయాలన్నాను.

"ఊఁ" అంది. "మంగళవారం మళ్ళీ ఫోన్ చేస్తాను. ఇంకో పేపరు వస్తుంది." పెట్టేసింది.

పప్పు మాడింది. ప్రభాకర్ వచ్చి, "రేపటి కాగితం బ్యాగ్‌లో పెట్టావా సుజా?" అన్నారు. అప్పుడు చూశాను. చేతికి దొరికింది అదే. వెనక వైపంతా బస్సు డ్రైవరు, రెండు పెళ్ళిళ్ళు, ఇంకొకడు.

ముందువైపు సంతకం చోటు ఖాళీగానే ఉంది. డెకర్‌ని ఇంకో కాపీ అడగాలి. లేక ఇదే ఇచ్చి, వెనక్కి తిప్పి చూడమనాలి...