టీవీలో నా పేరు

ఆదివారం

ఆ సర్వర్ ఎక్కించడానికే మూడు గంటలు పట్టింది. బాపు ఎరువుల షాపులో మూలన పడేసిన కంప్యూటర్ ఇంటికి తెచ్చి, విండోస్ బదులు లైనక్స్ వేసి, అందులో వీడియోల సర్వర్ పెట్టాను. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద ఒక్క చుక్క కూడా పడదు. లైనక్స్‌లో అది మామూలేనట, నేనేమో కీబోర్డే పాడైందనుకుని ఏడ్చినంత పనిచేశాను. ఇదంతా నా డాన్స్ వీడియోలు దాచడానికి. నా ఫోన్ బాపు రోజూ చూస్తాడు. అవి కనబడితే కాలేజీ బంద్.

తీరా చూస్తే ఆ దిక్కుమాలిన సర్వర్, ఇంటి వైఫైలో ఉన్న టీవీకి కూడా తనంతట తానే, నేను పెట్టిన నా పేరుతోనే కనబడుతుందట!

సీరియల్ చూస్తున్న అవ్వ, బాపు వాళ్లమ్మ, కేకేసింది. "గిదేందే స్వాతీ, టీవీల నీ పేరొస్తాంది? నొక్కాల్నా?"

"నొక్కకు అవ్వా!" ఉరికి కంప్యూటర్ వైరు పీకేశాను.

అన్నం దగ్గర అవ్వ సంబరంగా బాపుకి చెప్పేసింది. "నీ బిడ్డ పేరు టీవీల వచ్చిందిరా!"

బాపు నవ్వాడు. "నీకు కండ్లు మసకలైనట్టున్నయ్ అవ్వా. రేపు నల్లగొండ దవాఖానకు తోల్కపోత."

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్‌రా. కావాల్నంటే దాన్నడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఏమో బాపూ, నేను చూడలే" అన్నాను.

 ఇప్పుడు అవ్వ పక్క గదిలో రేపటి నల్లగొండ బస్సుకు చీర తీసి పెట్టుకుంటోంది...