మారెన్ చేసిన రెండు షిఫ్టులు

కాలేజీ ఆర్థిక సహాయ అధికారి లిండ్‌క్విస్ట్ గారికి,

నేను మీ కాలేజీలో చదివే మారెన్ తండ్రిని, నిన్న ఫోనులో మిమ్మల్ని విసిగించినవాణ్ణి. రెండేళ్ల కిందట ఇంటికప్పు వేస్తూ జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాను. అప్పుడు మా అమ్మాయి చదువుకుంటూనే చేపల ఫ్యాక్టరీలో రెండేసి షిఫ్టులు చేసి ఇల్లు నడిపింది. రెండేళ్ల కిందటి ఆ జీతాన్నే లెక్కలోకి తీసుకుని ఈ ఏడు మీరు తనకిచ్చే ఫీజు సహాయం తగ్గించారు. ఫ్యాక్టరీ మూతపడిందని, ఆ జీతం ఇప్పుడు లేదని నిన్న చెప్పాను. "మళ్లీ లెక్క చూడమని పెట్టుకునే అర్జీకి గడువు దాటిపోయిందండీ, నా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. మీ మీద నాకు కోపం లేదు.

ఫీజు కట్టలేక మారెన్ చదువు మానేసి ఇంటికి వచ్చేసింది. "తప్పు నాదే నాన్నా, అన్ని గంటలు చేయకుండా ఉండాల్సింది" అంటోంది. "నువ్వు చేయకపోతే ఏం తినేవాళ్లమే?" అంటే వినిపించుకోదు. సహాయం చేయలేకపోతే పోనివ్వండి. తన తప్పేమీ లేదని కాలేజీ కాగితం మీద ఒక్క ముక్క రాసి పంపుతారా? నేను చెబితే నమ్మడం లేదు.

ఇట్లు,
మారెన్ తండ్రి