గులాబీల నది

మార్చి 3, మంగళవారం

కొండ పోయింది.

థర్మకోల్ పొరలు పేర్చి, వేడి తీగతో కోసి, శాండ్ పేపర్‌తో అరగదీసి, తెల్ల గమ్ రెండుసార్లు పూసి ఆరబెట్టిన కొండ. స్ప్రే పెయింట్ థర్మకోల్‌ని తినేస్తుందని నాకు తెలుసు. తెలియక చేసిన వెధవ పని కాదిది. అందుకే గమ్ పూశాను. వెనక వైపు అడుగున అగ్గిపుల్ల తలంత చోట గమ్ అంటలేదు. స్ప్రే అక్కణ్ణుంచి దూరింది. పైకి కొండ కొండలాగే ఉంది. వేలు పెట్టి నొక్కితే పుచ్చుపన్నులా లోపలికి కూలింది.

స్ప్రే డబ్బా గోడకేసి కొట్టాను. గోడకి బూడిదరంగు మచ్చ. అమ్మ వచ్చి చూసింది. కొండ సంగతి అడగలేదు, గోడ సంగతి అడిగింది.

మళ్ళీ చెయ్యాలి. అన్న కోసం చేస్తున్నాను కాబట్టి చెయ్యాలి.

మార్చి 5, గురువారం

నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. పాడుచేసి నేర్చుకున్నాను. షాపుల బోర్డులు చేసే చోట పని నాది. అక్షరాలు కోస్తాను, అతికిస్తాను, పైకెక్కి బిగిస్తాను. ఫోమ్ షీట్ ముక్కలు, సన్‌బోర్డ్ అట్టల చివర్లు, తీగలు అన్నీ అక్కడ చెత్తబుట్టలో పడుంటాయి. నా కొండలన్నీ ఆ బుట్టలో పుట్టినవే.

మిగతావి కొనాలి. ఇవాళ క్రాఫ్ట్ షాపుకి వెళ్ళి సన్నటి ఇసుక, పొడి రంగులు ఉన్నాయా అని అడిగాను. స్కూల్ ప్రాజెక్టా అమ్మా, తమ్ముడికా చెల్లికా అన్నాడు షాపాయన. ఆడుకోవడానికి, నాకే అన్నాను. చెల్లికే అనుకుంటా అని పక్కాయనతో అన్నాడు. పచ్చగడ్డి షీట్ అని ఏదో చూపించాడు. బిలియర్డ్స్ బల్ల గుడ్డలా ఉంది. ఏ దేశంలో గడ్డి అలా ఉంటుంది?

మార్చి 8, ఆదివారం

స్పాంజి ముక్కలు మిక్సీలో వేసి తిప్పితే చెట్ల ఆకులవుతాయి. రంగునీళ్ళు పోసి తిప్పితే ఇంకా బాగా అవుతాయి. జార్ కడిగే పెట్టాను. అయినా పొద్దున చట్నీ ఆకుపచ్చగా వచ్చిందని అమ్మ గొడవ. కొత్తిమీర అనుకుని తినేయొచ్చు కదా అన్నాను. ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒకడికి కళ్ళు పోయాయి, నీకు బుర్ర పోయింది అంది. అని వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కగదిలో అన్న ఉన్నాడు. వినే ఉంటాడు. వాడు ఇప్పుడు అన్నీ వింటాడు.

వాడు టైల్స్ మేస్త్రీ. కిందటేడు వాడి కంటి నరాలు ఎండిపోవడం మొదలైంది. ముందు పక్కలు పోయాయి, తర్వాత మధ్య. ఇప్పుడు లైటు వేసుందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది. గోడవైపు తిరిగి పడుకుని రేడియో పెట్టుకుంటాడు. అన్నం తిన్నావా అంటే ఊఁ. బయటికి వెళ్దామా అంటే ఊహూఁ. ఇంతే భాష.

చిన్నప్పుడు ఎవరో పారేసిన పెట్టె ఒకటి వాడే ఇంటికి తెచ్చాడు. అందులో వేలెడంత బొమ్మ సైనికులు, గుర్రాలు, డైస్. బల్ల మీద కొండ, నది, వంతెన పేర్చుకుని టేపుతో కొలుచుకుంటూ నడిపించే యుద్ధం. కొండెక్కినవాడికి దెబ్బ తక్కువ. నదిలో దిగినవాడు సగమే నడవాలి. వంతెన ఎవరిదో ఆట వాళ్ళది. ప్రతి ఆదివారం ఆడేవాళ్ళం. ఓడినవాళ్ళు గిన్నెలు కడగాలి. ఎన్ని గిన్నెలు కడిగానో! వాడు సింకు పక్కన నిలబడి, అదిగో అడుగు మాడింది, గీకు గీకు అనేవాడు.

వాణ్ణి మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. నాకు కావలసింది అంతే. అందుకే ఈసారి ఆ ఆట బోర్డు ఇంతవరకు ఎప్పుడూ చెయ్యనంత బాగా చేస్తున్నాను.

మార్చి 14, శనివారం

అయిపోయింది. కొత్త కొండ. నేలంతా గమ్ పూసి ఇసుక చల్లి, పైన ముదురు గోధుమ, దానిమీద లేత గోధుమ, అంచులకి తెలుపు. గడ్డి ఐదు రకాల ఆకుపచ్చ. బాట మీద బండి చక్రాల గీతలు. నదికి లోతు తెలిసేలా మధ్యలో నల్లటి నీలం, ఒడ్డున లేత నీలం. ఫొటో తీస్తే నిజం ఊరనుకుంటారు. నా చేతులు నేనే ముద్దు పెట్టుకోవాలి.

మార్చి 15, ఆదివారం

వాడి చెయ్యి పట్టుకుని బోర్డు మీద పెట్టాను.

తడిమాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. రెండు చెట్లు పడగొట్టాడు. నది ఎక్కడుందే అన్నాడు. నీ చెయ్యి కిందే అన్నాను. ఇది ఇసుక కదా అన్నాడు. దాని పక్కన గడ్డి, అన్నాను. ఇదీ ఇసుకే. మరి బాట? అదీ ఇసుకే.

అంతా ఇసుకే. ఎందుకంటే ఇసుక మీద రంగు బాగా పడుతుంది. అందరూ అలాగే చేస్తారు, నేనూ అలాగే చేశాను. ముందు మొత్తం ఇసుక కొట్టెయ్, తర్వాత గడ్డి నీళ్ళు మట్టి అంతా బ్రష్షుతోనే.

బాగా కష్టపడ్డట్టున్నావ్, అమ్మకి చూపించు అని లేచి వెళ్ళిపోయాడు. అరిచినా బాగుండేది.

మార్చి 16, సోమవారం

ఐదు రకాల ఆకుపచ్చ. గుడ్డివాడికి. నా అంత తెలివైనది ఈ భూమ్మీద ఇంకోటి లేదు.

మార్చి 19, గురువారం

నది చోట నున్నటి శాండ్ పేపర్, బాట చోట కాస్త గరుకుది, మట్టి చోట రాళ్ళలాంటిది. వరసగా అట్టకి అతికించి వాడి ముందు పెట్టాను. నేను కళ్ళు మూసుకుని మూడూ చెప్పగలిగాను. వాడు చెప్పలేకపోయాడు. మళ్ళీ తడిమి చూడు అన్నాను. మళ్ళీ తప్పు. సరిగ్గా పెట్టి చూడరా అన్నాను. అరిచాను.

నా వేళ్ళు చూడవే అని అరచెయ్యి నా మొహం ముందు పెట్టాడు. కొసలు నున్నగా, గట్టిగా, మెరుస్తూ ఉన్నాయి. గీతలు లేవు. ఇన్నేళ్ళ సిమెంటు తినేసింది. వేలిముద్ర వెయ్యమంటే మిషను ఒప్పుకోదని వాడు నవ్వుతూ చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గరుకు, నునుపు ఈ వేళ్ళకి అందవు, పోయి పడుకో అన్నాడు.

నేను కదల్లేదు. పంతం. ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి ఒక్కొక్కటే వాడి వేళ్ళ కింద పెట్టాను. స్పాంజి. మెత్తగా ఉంది అన్నాడు. సీసా బిరడా. గట్టిదే గానీ నొక్కితే కాస్త లొంగుతోంది అన్నాడు. స్టీలు మూత పెట్టాను. చెయ్యి ఆగింది.

చల్లగా ఉంది, అన్నాడు. నది ఇలా ఉండాలి.

వాడంతట వాడు నది గురించి మాట్లాడాడు.

మార్చి 20, శుక్రవారం

ఓనర్ చెత్తబుట్ట దగ్గర పట్టుకున్నాడు. ఇంటికి మోసుకుపోవడానికేనా నిన్ను పనిలో పెట్టుకుంది అన్నాడు. చెత్తే కదండీ అన్నాను. చెత్త కూడా నాదే అన్నాడు. సంచి అందరి ముందూ బోర్లించాడు. ఫోమ్ ముక్కలు, రెండు సన్‌బోర్డ్ చివర్లు, నా అన్నం డబ్బా. ఇక ముక్క బయటికి పోతే నువ్వూ బయటికే అన్నాడు. సాయంత్రం ఆ ముక్కల్ని బండివాడు ఊడ్చుకుపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. పళ్ళు నొప్పి పుట్టేలా కొరుక్కున్నాను.

ఇప్పుడు ఫోమ్ లేదు, స్టీలు కొనే స్తోమత లేదు. నదికి ఏం పెట్టను, నా తలకాయా?

మార్చి 22, ఆదివారం

వాడి మంచం కింద ఒక చెక్కపెట్టె ఉంది. మిగిలిపోయిన టైల్స్, పనిముట్లు. పని మానేసిన రోజు లోపలికి తోసేశాడు. ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డర్. వాడు స్నానానికి వెళ్ళగానే లాగాను. ఎంత మెల్లగా లాగినా టైలుకి టైలు తగిలి టక్కుమంది.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది.

టవలుతోనే వచ్చాడు. తడి కాళ్ళతో, గోడ పట్టుకుని. ఎవర్నడిగి తీశావే, చేతులు విరగ్గొడతా అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కొట్టాలంటే ముందు నన్ను పట్టుకో అన్నాను. అనకూడని మాట. తెలుసు. కోపంలో నాకు నోటికి తలుపు ఉండదు.

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. వాడు వంగి పెట్టెలో టైల్స్ తడిమాడు. తర్వాత, నదికేనా అన్నాడు.

నదికే, అన్నాను. ఎలా కోస్తావ్ అన్నాడు. సుత్తితో పగలగొడతా అన్నాను. వాడి మొహం చూడాలి. అన్నంలో పురుగు చూసినట్టు పెట్టాడు. సుత్తితో పగలగొడుతుందిట అని అమ్మకి చెప్పాడు, అదేదో నేను హత్య చెయ్యబోతున్నట్టు. కట్టర్ ఇలా తే అన్నాడు.

నేలమీద కూర్చున్నాడు. బోర్డు మీద ఒక పురికొస వేసి, నది వంపులు చెప్పమన్నాడు. ఆ తాడు వెంట వేలు నడిపాడు. తర్వాత టైలు మీద కట్టర్ చక్రం లాగి, చెవి దగ్గర పెట్టుకుని గోరుతో కొట్టి, రెండు బొటనవేళ్ళతో విరిచాడు. టప్. గీసిన చోటే. వేలు తెగింది ఒకసారి. అమ్మ నన్ను తిట్టింది. వాడికి తెగితే నన్నే. సరే.

ముక్కలన్నీ అతికించాక అడ్డంగా అరచెయ్యి పరిచి చూసి, ఇక్కడ లేచింది, నొక్కు అన్నాడు. నొక్కాను. ఇంకా. నొక్కాను. ఇప్పుడు సరే.

ఒక్కటే బాధ. ఆ టైల్స్ ఎవరిదో బాత్రూంవి. లేత గులాబీరంగు మీద ముదురు గులాబీ పువ్వులు. యుద్ధభూమి మధ్యలో గులాబీల నది! నీలం వేసేస్తా అన్నాను. పెయింట్ పడితే చల్లదనం చస్తుంది, ముట్టుకున్నావంటే చూడు అన్నాడు. ఎలా ఉందో నీకేం తెలుసు, చూసేదాన్ని నేను కదా అన్నాను. అందుకే నువ్వు కళ్ళు మూసుకో అన్నాడు.

మార్చి 28, శనివారం

గడ్డికి పాత టవల్. మట్టికి బిరడాల ముక్కలు. బాటకి సిమెంటు, వాడే కలిపి తాపీతో లాగాడు. సైనికులు చెయ్యి తగిలి పడిపోకుండా కాళ్ళ కింద బరువుకి ఇనుప వాషర్లు. చెక్క డైస్‌కి మేకుతో గుంటలు లోతుగా పొడిచాను, వేలికి తగలాలని. వాడి సైనికుల మెడకి దారం కట్టాను, ఎవరిదెవరో తెలియాలని. వాడి సైన్యమంతా ఉరికి సిద్ధంగా ఉన్నట్టుంది. మొత్తం బోర్డు ఎంత దరిద్రంగా ఉందో రాయడానికి మాటల్లేవు. క్రాఫ్ట్ షాపాయన చూస్తే స్కూల్ ప్రాజెక్ట్ అని కూడా అనడు.

మార్చి 29, ఆదివారం

ఆడాం. వాడు గెలిచాడు. నేను లేచి గిన్నెలు కడగబోయాను.

ఆగు, అన్నాడు. నీ వంతు మూడోసారి వచ్చినప్పుడు వంతెన ఖాళీగా ఉంది, నీ గుర్రం పక్కనే ఉంది, ఎందుకు ఎక్కలేదు అన్నాడు. చూసుకోలేదన్నాను. నువ్వు చూసుకోలేదా, కళ్ళున్నదానివి, అన్నాడు. 

కళ్ళు పోయాయి గానీ నేను పోలేదు, నీ జాలి నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళాడు. రేడియో పెట్టాడు. పెద్దగా.

నిజమే. కావాలనే వదిలేశాను. గెలిస్తే సంతోషిస్తాడనుకున్నాను.

ఏప్రిల్ 1, బుధవారం

ఊఁ. ఊహూఁ. మళ్ళీ అదే భాష.

ఏప్రిల్ 5, ఆదివారం

ఇక భరించడం నావల్ల కాలేదు. గదిలోకి వెళ్ళి రేడియో ప్లగ్ పీకేశాను. నువ్వు ముందునుంచీ ఎడమ పక్క కాపలా పెట్టవు, కళ్ళున్నప్పుడూ పెట్టలేదు, అప్పుడు నేను చిన్నదాన్ని కాబట్టి బతికిపోయావ్, ఇప్పుడు రా, పొట్టు పొట్టు చేసి పంపిస్తా అన్నాను. నీ మొహం, అన్నాడు. రావడానికి భయమా అన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి, వద్దే వద్దే అని సైగలు చేసింది.

వచ్చాడు.

దయా దాక్షిణ్యం లేకుండా ఆడాను. వంతెన తీసుకున్నాను, ఎడమ పక్కనుంచి దూరాను, వాడి సేనాపతిని కొండమీదే చుట్టుముట్టాను. వాడు ప్రతి వంతుకీ అన్నీ తడిమి, గొణిగి, నన్ను తిట్టి, టేపు బదులు తాడుకి నేను కట్టిన ముడులు లెక్కపెట్టుకుని కదిపాడు. చిత్తుగా ఓడాడు.

గిన్నెలెక్కడ అన్నాడు. అమ్మ అడ్డుపడింది, నువ్వెందుకురా, నేను కడుగుతాను కదా అంది. ఓడింది నువ్వా నేనా అన్నాడు. ఒక గ్లాసు పగిలింది. మిగతావన్నీ కడిగాడు. నేను సింకు పక్కన నిలబడి, అదిగో అడుగు మాడింది, గీకు గీకు అన్నాను. వాడు వినిపించుకోనట్టే గీకాడు.

వచ్చే ఆదివారం చూస్తా నీ పని అన్నాడు.

ఏప్రిల్ 12, ఆదివారం

మంచినీళ్ళు తాగడానికి వెళ్ళి వచ్చేసరికి వంతెన మీదున్న నా గుర్రం నదిలో పడి ఉంది. గులాబీ పువ్వు మీద, వెల్లకిలా. ఎవరు తోశారంటే, నాకేం కనపడుతుందే, నేనెలా తోస్తాను అంటాడు. అమ్మ అక్కడే కూర్చునుంది. అడిగితే, నేనూ చూళ్ళేదమ్మా అంది. ఇద్దరూ నవ్వు ఆపుకుంటున్నారు. ఈ ఇంట్లో కళ్ళున్నది నాకొక్కదానికే.

దొంగ.

గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి. కడగను.