అడగకుండానే పెట్టిన టిక్కు

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: షుగర్ రోగి అయిన నా తమ్ముని మనసు బాగున్నదని మీ సిబ్బంది అడగకుండానే రాసుకొన్న సంగతి.

ఈ మంగళవారం పొద్దున నేను దేవుని దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి తమ్ముడు రామచంద్రం మంచం అంచున కూర్చొని ఉన్నాడు. వయసు నలభై ఆరు. మరమగ్గాల కార్మికుడు. పదకొండేళ్లుగా షుగర్. నెల రోజులుగా పనికి పోలేదు. మరదలు జమున పెట్టిన జొన్నరొట్టె ముందర చల్లారిపోయింది. ఇన్సులిన్ సూది చేతిలోనే ఉన్నది.

"పొడుచుకో తమ్మీ," అన్నాను.

"ఎవల కోసమే అక్కా?" అని డబ్బాలో పెట్టేశాడు.

పన్నెండు రోజులుగా ఇదే వరుస అని జమున అప్పుడు చెప్పింది. వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోయాను. అక్కడ జరిగినది మనవి చేయుచున్నాను.

1. నర్సమ్మ వేలు పొడిచి, ముప్పై మంది వినేలా చదివినది: "మూడొందల డెబ్బై! ఏం మింగినవయ్యా, బెల్లం బుట్ట మింగినవా?" వెనుక ఒకాయన, "పెండ్లికి పోయచ్చినట్టుండు," అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు తల వంచుకొన్నాడు.

2. షుగర్ రోగులందరి పేర్లున్న ఫారంలో ఒక ప్రశ్న ఉన్నది: దిగులుగా ఉంటున్నదా, బతుకు వద్దనిపిస్తున్నదా అని. తమ్ముని పేరుకు ఎదురుగా 'లేదు' అని టిక్కు అప్పటికే ఉన్నది. ఆ కింద అందరికీ ఉన్నది. ఎవరిని అడిగి పెట్టినవమ్మా అంటే నర్సమ్మ దాచలేదు.

"మా ఇంటికాడనే పెట్టుకొస్తమమ్మా. ఒక్కొక్కలను అడుగుకుంట కూసుంటే పొద్దుమూకుతది."

నాకు అసహ్యం వేసినది. అర్జీలో ఇటువంటి మాట రాయరాదేమో. రాస్తున్నాను.

3. డాక్టరు గారు తల ఎత్తకుండానే, "మగోనికి దిగులేందమ్మా? అన్నం తగ్గియ్యమను," అన్నారు. తగ్గించడానికి ఏమున్నది, తమ్ముడు తినడమే మానేశాడు.

మేమూ తక్కువవాళ్లం కాము. ఏడాదిగా తమ్ముని కంచంలోకి తొంగిచూసి ముద్దముద్దకూ నస పెట్టాము. ఆ తప్పు దేవునికి చెప్పుకొన్నాను. ఆ టిక్కుకు మాత్రం తమరే జవాబు చెప్పాలి.

కావున దానిని కొట్టివేయించి, మనసు సంగతి తెలిసిన డాక్టరు చేత, తలుపు వేసిన గదిలో, నా తమ్ముణ్ణి ఆ ప్రశ్న నోటితో అడిగించగలరు. ఆలస్యము తగదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దేవవ్వ
(రామచంద్రం పెద్దక్క)

మళ్లీ రాయునది: సంతకం పెట్టినాక, ఈ సాయంత్రం ఇంట్లో మాట్లాడుకొన్నాము. సూదుల డబ్బా నా దగ్గర ఉండాలి. నేను పక్కన కూర్చుంటేనే పొడుచుకోవాలి. తమ్ముణ్ణి ఒంటరిగా విడవరాదు. ఇక కంచం వైపు ఎవరూ చూడరాదు. తర్వాత ఈ అర్జీ చదివి వినిపించాను.

"పెద్ద సార్లు గిట్ల అడుగుతరా వదినె?" అన్నది జమున.

గోడ వైపు తిరిగి పడుకొన్నవాడు, మేము పలకరించకుండానే అన్నాడు: "అడిగితే చెప్త."

రేపు మొదటి బస్సుకు ముగ్గురం మీ ఆఫీసుకే వస్తున్నాము. అడగండి.