రెండో రోజు కూతురు

అమ్మా లియెన్,

నిరుడు నువ్వు తెచ్చిన నారింజపళ్లు చాలా తియ్యగా ఉన్నాయి. ఆ మాట నీతో చెప్పనే లేదు. కొత్త సంవత్సరం ముందు రోజు సాయంత్రం నువ్వు గుమ్మంలో నిలబడితే, బుట్ట మాత్రం అందుకుని, "పెళ్లయిన పిల్ల ఈ పూట పుట్టింట్లో తింటే అన్నకి అరిష్టమే. ఎప్పట్లా రెండో రోజు రా" అన్నాను.

"విడాకులైనదాన్ని, ఈ పూట ఎవరింట్లో తినాలమ్మా?" అన్నావు.

లోపల చేప చల్లారిపోతోందని తలుపు వేసేశాను. రెండో రోజు ఆవాకు కూర మళ్లీ వేడిచేసి, పొద్దుపోయేదాకా నీకోసం కూర్చున్నాను. నువ్వు రాలేదు.

ఆ పూట నిన్ను రానివ్వడానికి మీ అన్న ఈసారీ ససేమిరా అంటున్నాడు. "చెల్లి గడప తొక్కకపోయినా నీ నూడుల్స్ కొట్టు మూతపడింది కదరా" అంటే మూతి ముడుచుకుంటాడు.

గుడి దగ్గర పెద్దల్ని అడిగాను. కూతురు రాకూడదన్నారే గానీ, తల్లి వెళ్లకూడదని ఎవరూ అనలేదు. అందుకని కొత్త సంవత్సరం ముందు రోజు సాయంత్రం రైలుకి నేనే తైచుంగ్ వస్తున్నాను. చేప వండి తెస్తాను. చల్లారినా ఫరవాలేదు.

నువ్వు తలుపు తీస్తే చాలు.

మీ అమ్మ